నాలుగు రంగుల ఫాంటమ్: ఒకే మోడల్‌కి రెండుసార్లు రంగేసిన కేస్ స్టడీ

మొదటిసారి రంగు పూర్తయిన రాత్రి ఈ విమానం మోడల్ నాకు తెగ నచ్చేసింది. బల్లమీది దీపం కింద రెండు ఆకుపచ్చలూ విడివిడిగా, టాన్ (లేత గోధుమ) వెచ్చగా, అడుగున బూడిద రంగు శుభ్రంగా కనిపించాయి. పొద్దున్నే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూస్తే ఉసూరుమనిపించింది. టాన్‌లో గులాబీ ఛాయ ఉంది. రెండు ఆకుపచ్చల్లో ఒకటి గడ్డి రంగులో, ఇంకోటి నీలానికి దగ్గరగా ఉన్నాయి. మొత్తం మీద సుద్దపొడి చల్లినట్టుంది. పైగా అప్పటికే డెకాల్స్ (గుర్తులు, అక్షరాలు అచ్చేసిన పలచటి స్టిక్కర్లు) కూడా అంటించేశాను.

మోడల్ 1/48 స్కేల్‌లో, అంటే అసలులో 48వ వంతు సైజులో, ఎఫ్-4డి ఫాంటమ్ యుద్ధవిమానం. ఒక మిత్రుడి గాజు అల్మరా కోసం చేస్తున్నది. వియత్నాం యుద్ధం నాటి అమెరికా వైమానిక దళం రంగులు, తోక మీద ‘ఓవై’ అక్షరాలు, ఇన్‌టేక్ (ఇంజిన్‌కి గాలి వెళ్లే నోరు) ముందున్న స్ప్లిటర్ ప్లేట్ అనే పలక మీద, కూల్చిన శత్రు విమానానికి ఒకటి చొప్పున, ఆరు ఎర్ర నక్షత్రాలు. అతను కోరింది ఇంతే. రంగుల నంబర్లు నాకు కంఠతా వచ్చు: పైన టాన్ 30219, ముదురు ఆకుపచ్చ 34079, మధ్యస్థ ఆకుపచ్చ 34102, అడుగున లేత బూడిద 36622. నాలుగు సీసాలూ ఆ నంబర్లు చూసే కొన్నాను. మరి ఎక్కడ తప్పింది?

ఒక్కచోట కాదు, అయిదు చోట్ల తప్పింది. వాటిని వెతకడానికి పట్టిన కాలం రెండోసారి రంగేయడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ.

ముందు తేదీ తేల్చుకోవాలి

రంగు గురించి రాస్తానని చెప్పి తేదీతో మొదలుపెట్టడం వింతగా ఉండొచ్చు. కానీ నా మొదటి తప్పు అక్కడే ఉంది. మిత్రుడు అడిగిన విమానం 66-7463. ఇందులో 66 అంటే తయారైన ఏడాది కాదు, ఆర్డర్ ఏ ఆర్థిక సంవత్సరం లెక్కలోదో అది. థాయ్‌లాండ్‌లోని ఉడోర్న్ స్థావరం నుంచి ఎగిరిన 555వ స్క్వాడ్రన్, అంటే ‘ట్రిపుల్ నికెల్’ విమానం. ‘ఓవై’ వాళ్ల టెయిల్ కోడే, అంటే తోక మీద రాసే గుర్తు అక్షరాలు. పైలట్ స్టీవ్ రిచీ, వెనక సీట్లో చార్లెస్ డిబెల్‌వ్యూ 1972 మే 10న తమ మొదటి మిగ్ యుద్ధవిమానాన్ని కూల్చింది ఇందులోనే. ఆగస్టు 28న రిచీ అయిదో విజయం కూడా ఇందులోనే. విమానం లెక్కలో మొత్తం ఆరు విజయాలున్నాయి. డిబెల్‌వ్యూ సొంత లెక్క కూడా ఆరే, కానీ అవన్నీ ఈ విమానంలో వచ్చినవి కావు. ఈ రెండు ఆరులనీ కలిపేసుకుంటే గజిబిజే.

నేను మనసులో అనుకున్నది మే నెల విమానం. రంగు ఇంకా కాస్త కొత్తగా, మరకలు తక్కువగా ఉంచాను. అంటించింది మాత్రం ఆరు నక్షత్రాలు. ఆ ఆరింటిలో ఒకటి ఆగస్టు 28 నాటిది అయినప్పుడు మే నెలలో ఆరు ఎలా ఉంటాయి? డెకాల్ షీట్‌లో ఆరు ఇచ్చారు కాబట్టి ఆరూ అంటించేశాను. షీట్ తయారుచేసినవాళ్ల తప్పు కాదిది, వాళ్లు చివరి లెక్క ఇచ్చారు. తేదీ చూసుకోవాల్సింది నేను.

మిత్రుడికి ఆరు నక్షత్రాలూ కావాలి. అయితే విమానం ఆగస్టు 28 తర్వాతిది అయితీరాలి. అప్పటికి నెలల తరబడి ఎండలో, వానలో, యుద్ధంలో తిరిగిన విమానం. అంటే రంగు కూడా మే నెల రంగు కాదు. పైభాగం వెలసి ఉండాలి, అక్కడక్కడా కొత్తగా పూసిన మచ్చలుండాలి, పొట్ట కింద హైడ్రాలిక్ నూనె చారికలుండాలి. నక్షత్రాల లెక్క మారేసరికి సీసాలో కలపాల్సిన పాళ్లే మారిపోయాయి. అందుకే ఇప్పుడు సీసా మూత తీసే ముందు ఒక కాగితం మీద తోక నంబరు, స్థావరం, నెల రాసి గోడకి అంటిస్తున్నాను.

గుర్తుల్లో తేదీ చెప్పేవి ఇంకా ఉన్నాయి. అమెరికా వైమానిక దళానికి మొదట్లో అందిన ఫాంటమ్‌లు నౌకాదళం వాటిలాగే పైన లేత బూడిద, కింద తెలుపు రంగుల్లో వచ్చాయి. రెక్కల మీద పెద్ద అక్షరాలతో ‘యూఎస్‌ఏఎఫ్’ అని ఉండేది. ఆగ్నేయాసియా కామఫ్లాజ్, అంటే శత్రువు కంటికి చిక్కకుండా వేసే ఈ నాలుగు రంగుల పద్ధతి, వచ్చాక ఆ అక్షరాలు పోయాయి, జాతీయ చిహ్నం చిన్నదైంది. టెయిల్ కోడ్‌లు యుద్ధకాలంలో తెల్లగా ఉండేవి, ఆ తర్వాతి ఏళ్లలో నల్లవి వచ్చాయి. అడుగున లేత బూడిద తీసేసి, పైనున్న మూడు రంగుల్నే పొట్ట చుట్టూ తిప్పిన ‘ర్యాప్‌అరౌండ్’ పద్ధతి కూడా యుద్ధం తర్వాతిదే. తెల్లటి కోడ్ ఉండి అడుగు ర్యాప్‌అరౌండ్‌లో ఉన్న మోడల్ ఎక్కడైనా కనిపిస్తే, పక్కన ఫొటో ఆధారం ఉందేమో చూడండి. కొన్ని ఎఫ్-4డిల వీపు మీద ‘టవల్ రాక్’ అని పిలిచే లొరాన్ (రేడియోతో దారి తెలుసుకునే పద్ధతి) యాంటెన్నా ఉంటుంది, చాలావాటికి ఉండదు. కిట్‌లో ఇచ్చారు కదా అని అతికిస్తే విమానమే మారిపోతుంది.

ఈ 463 ఇప్పుడు అమెరికా వైమానిక దళ అకాడమీ ప్రాంగణంలో ప్రదర్శనలో ఉంది. దాని రంగు ఫొటోలు బోలెడు దొరుకుతాయి, అవే పెద్ద ఉచ్చు. ఆరుబయట నిలబెట్టిన విమానాలకి మళ్లీ మళ్లీ రంగేస్తారు. ఆకారాలకీ పలకల గీతలకీ ఆ ఫొటోలు బంగారం. రంగుకి మాత్రం నేను వాటి వైపు చూడను.

నంబరు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

ఎఫ్‌ఎస్ 595 అనేది 1956లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టిన రంగుల ప్రమాణం. 2017లో దాని స్థానంలో ఏఎంఎస్-ఎస్‌టీడీ-595 వచ్చింది, అంకెల పద్ధతి మాత్రం అదే. అయిదంకెల్లో మొదటిది మెరుపు: 1 అంటే గ్లాస్ (మెరిసేది), 2 అంటే సెమీ గ్లాస్, 3 అంటే మ్యాట్ (మెరవనిది). రెండో అంకె రంగు కుటుంబం: 0 గోధుమ, 1 ఎరుపు, 2 నారింజ, 3 పసుపు, 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద, 7లో తెలుపు నలుపు వగైరా, 8 ఫ్లోరసెంట్. చివరి మూడంకెలు సుమారుగా ముదురు నుంచి లేతకి వెళ్లే వరస.

చాలామంది నంబరు చూసి సీసా కొంటారు తప్ప నంబరుని చదవరు. నేనూ అంతే. చదివితే మన నాలుగు రంగుల వరస అందులోనే ఉంది: 079, 102, 219, 622. రెండు ఆకుపచ్చలూ పక్కపక్కనే ఉన్న మెట్లు. టాన్ వాటికి బాగా పైన. అడుగు బూడిద ఎక్కడో అందనంత ఎత్తున. నా మొదటి మోడల్‌లో ఈ మెట్లే తప్పాయి. రెండు ఆకుపచ్చల మధ్య తేడా ఎక్కువైంది, మధ్యస్థ ఆకుపచ్చ టాన్ వైపు జరిగింది. కారణం తేలికే. మూడు రంగులూ మూడు కంపెనీలవి. ప్రతి కంపెనీ తనకి తోచినట్టు నంబరుని అర్థం చేసుకుంటుంది. ఒకరు అసలు చిప్‌కి (ప్రమాణంలోని రంగు నమూనాకి) దగ్గరగా చేస్తారు, ఇంకొకరు స్కేల్‌కి అనుకూలంగా ముందే కాస్త లేతగా చేస్తారు. విడిగా చూస్తే ఏ సీసా తప్పనీ చెప్పలేం. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాని మాట ఒకటి వినదు.

నా అభిప్రాయం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, మిగతాదంతా దీన్నుంచే వచ్చింది. మోడల్ మీద చూసే కన్ను ఒక్కో రంగునీ విడిగా కొలవదు, రంగుల మధ్య తేడాని కొలుస్తుంది. 34102 అసలు చిప్‌కి అర మెట్టు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. 34079కీ 34102కీ మధ్య ఉండాల్సిన తేడా రెట్టింపైతే, ఫాంటమ్ గురించి ఏమీ తెలియనివాడు కూడా ‘ఏదో బొమ్మలా ఉంది’ అంటాడు.

ఫొటోలని ఎలా చదివాను

ఆనాటి కలర్ స్లైడ్‌లు అబద్ధాలాడతాయి, అయితే ఒక పద్ధతి ప్రకారం ఆడతాయి. పాత ఎక్టాక్రోమ్ ఫిల్మ్ స్లైడ్‌లలో కాలం గడిచేకొద్దీ సయాన్ (నీలి ఆకుపచ్చ) రంజకం ముందుగా వెలసిపోతుంది. బొమ్మంతా ఎర్రబారుతుంది, ఆకుపచ్చ గోధుమ అవుతుంది. కొడాక్రోమ్ అనే ఇంకో ఫిల్మ్ చీకట్లో భద్రంగా ఉంచితే చాలా గట్టిది, ప్రొజెక్టర్‌లో మాటిమాటికీ వేస్తే అదీ వెలుస్తుంది. దాని మీద స్కాన్ చేసినవాడి సెట్టింగులు, మన తెర సెట్టింగులు. తెర మీద కనిపించిన రంగు చూసి సీసాలో కలపడమంటే నీళ్లలో నీడని చూసి జుట్టు దువ్వుకున్నట్టే.

నేను పట్టుకున్న ఆధారం తెలుపు. జాతీయ చిహ్నంలో నక్షత్రం తెలుపు, టెయిల్ కోడ్ తెలుపు, చక్రాల గదుల లోపల తెలుపు. ఫొటోలో ఈ తెలుపు ఏ ఛాయలోకి ఒరిగిందో చూస్తే మిగతా రంగులు ఎటు ఒరిగాయో ఊహించొచ్చు. నక్షత్రమే గులాబీగా ఉన్న ఫొటోలో టాన్ గులాబీగా ఉందని సంబరపడకూడదు. చిహ్నంలోని నీలం (15044) కూడా బాగా పనికొస్తుంది. అది ఊదారంగులో కనిపిస్తే ఆ ఫొటోని రంగు కోసం వాడను.

అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చినవి నలుపు తెలుపు ఫొటోలు. రంగు గురించి నలుపు తెలుపు ఫొటో ఏం చెబుతుంది అనుకునేవాణ్ని. తేడా గురించి చెబుతుంది. ఆగ్నేయాసియా కామఫ్లాజ్ ఉన్న విమానాల నలుపు తెలుపు ఫొటోలు చూడండి: రెండు ఆకుపచ్చలూ దాదాపు కలిసిపోయి, కళ్లు చికిలిస్తే తప్ప విడిపోవు. టాన్ మాత్రం స్పష్టంగా లేతగా ఉంటుంది. నా మొదటి మోడల్‌ని ఫోన్‌తో నలుపు తెలుపులో ఫొటో తీశాను. మూడు రంగులూ నిచ్చెన మెట్లలా సమానమైన ఎడంతో కనిపించాయి. ఆ ఒక్క ఫొటోతో జబ్బేంటో తెలిసిపోయింది.

తెలుపు కలపడం అనే పాపం

‘స్కేల్ ఎఫెక్ట్’ అని మోడల్ చేసేవాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది. చిన్న మోడల్ మీద అసలు రంగు యథాతథంగా వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి కొంచెం లేత చేయాలి. దానికి ఒక పట్టిక కూడా చేతులు మారుతూ ఉంటుంది: 1/72కి 15 శాతం, 1/48కి 10, 1/32కి 7 శాతం తెలుపు కలపాలని. నేను మొదటిసారి బుద్ధిగా నాలుగు రంగుల్లోనూ పది శాతం తెలుపు కలిపాను.

దూరం, మధ్యలో గాలి, అందువల్ల రంగు పాలిపోవడం అని సాధారణంగా చెప్పే కారణం నాకు రుచించదు. లెక్క వేసుకోండి. 1/48 మోడల్‌ని 50 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే అసలు విమానాన్ని 24 మీటర్ల నుంచి చూసినట్టు. ఇరవై నాలుగు మీటర్లలో గాలి రంగుని మార్చేదేముంది? అసలు కారణం వెలుతురు అనిపిస్తుంది నాకు. మిట్టమధ్యాహ్నం ఎండలో రన్‌వే మీద లక్ష లక్స్ (వెలుతురు కొలత) వెలుతురు పడుతుంది. గదిలో మనం మోడల్ చూసేది మూడు నాలుగు వందల లక్స్‌లో. ఆ వెలుతురులో ముదురు రంగులు కుంగిపోతాయి, లేత రంగులు పెద్దగా మారవు. కాబట్టి అన్నిటికీ ఒకే శాతం అనడం తప్పు. ముదురు ఆకుపచ్చని లేత చేయాలి, టాన్‌ని కొంచెం చేయాలి, 36622ని ముట్టుకోకూడదు.

ఏం కలిపి లేత చేస్తామన్నది ఇంకా పెద్ద సంగతి. తెలుపు రంగుని లేత చేయడమే కాదు, చల్లబరుస్తుంది. ఆకుపచ్చలో కలిస్తే నీలం వైపు లాగుతుంది. గోధుమ రంగులో కలిస్తే గులాబీ అవుతుంది. నా టాన్‌లో గులాబీ ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా? నీలపు ఆకుపచ్చ, సుద్దపొడి చూపు కూడా అదే సీసా నుంచి వచ్చాయి. రెండోసారి తెలుపు సీసాని బల్ల మీదికే రానివ్వలేదు. ఆకుపచ్చలని టాన్‌తోనే లేత చేశాను, టాన్‌ని బఫ్ అనే పసుపు ఛాయ ఉన్న లేత రంగుతో. అలా చేస్తే మూడు రంగులకీ చుట్టరికం కూడా కుదిరింది.

పదకొండు చెక్కలు

మొదటి రంగు తీసేయడం గురించి ఎక్కువ చెప్పను. వేసినది అక్రిలిక్ కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో వచ్చేసింది. పలకల గీతల్లో మిగిలినది పాత టూత్‌బ్రష్‌తో. డెకాల్స్ టేపుతో లాగితే ఊడాయి. కన్నీళ్లు పెట్టుకోవాల్సినంత పనేం కాదు, ఒక సాయంత్రం పట్టింది.

ఆ తర్వాత అయిదు సెంటీమీటర్ల ప్లాస్టిక్ చెక్కలు కోసి, ఒక్కో దాని మీద నాలుగు రంగులూ పక్కపక్కనే వేశాను. విడివిడి చెంచాల మీద ఒక్కో రంగు వేసి చూసే అలవాటు మానుకున్నాను, ఎందుకంటే చూడాల్సింది తేడా. ప్రతి చెక్క వెనకా పాళ్లు పెన్సిల్‌తో రాశాను. మొత్తం పదకొండు చెక్కలయ్యాయి.

వీటితో నేర్చుకున్న ముఖ్యమైన సంగతి: ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చిన రంగుని చూసి తీర్పు చెప్పకూడదు. డెకాల్స్ కోసం గ్లాస్ క్లియర్ (మెరిసే పారదర్శక పూత) వేయగానే రంగులన్నీ ముదురుతాయి. తర్వాత వాష్ (గీతల్లోకి దిగే పలచటి ముదురు రంగు) పూస్తే ఇంకాస్త. చివర్లో మ్యాట్ క్లియర్ వేయగానే ముదురు రంగులు మళ్లీ తేలతాయి, కొంచెం పాలిపోతాయి కూడా. ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) బూడిదా నలుపా అన్నది కూడా పలచటి పూతల కింద తెలుస్తుంది. కాబట్టి చెక్క మీద కూడా ప్రైమర్, రంగు, గ్లాస్, వాష్, మ్యాట్ అన్నీ అదే వరసలో వేసి, ఆరిన తర్వాతే పోల్చాను. ఏడో చెక్క తడిగా ఉన్నప్పుడు అద్భుతంగా ఉంది. మ్యాట్ పడ్డాక ముదురు ఆకుపచ్చ బూజు పట్టినట్టైంది. దాన్నే నమ్ముకుని మోడల్ మీద వేసుంటే రెండోసారి కూడా తీయాల్సొచ్చేది.

చివరికి తొమ్మిదో చెక్క గెలిచింది. నా సీసాలకి కుదిరిన పాళ్లు ఇవి: 34079 పది వంతులకి టాన్ ఒకటిన్నర వంతు. 34102 పది వంతులకి టాన్ ఒక వంతు, ముదురు ఆకుపచ్చ ఒక వంతు. టాన్ పది వంతులకి బఫ్ ఒక వంతు. 36622 సీసాలో ఉన్నది ఉన్నట్టు. మధ్యస్థ ఆకుపచ్చలో ముదురు ఆకుపచ్చ ఎందుకంటే ఆ కంపెనీ 34102 మరీ గడ్డి రంగు, దాన్ని కిందికి లాగాలి. మీ సీసాలు వేరైతే ఈ పాళ్లు పనికిరావు, ఎటు లాగాలన్నది మాత్రం చెక్క చెబుతుంది.

దీపం సంగతి. నా బల్లమీది బల్బు 2700 కెల్విన్‌ది, పసుపు వెలుతురు. దాని కింద గులాబీ ఛాయని కన్ను సర్దేసుకుంది. ఇప్పుడు 5000 కెల్విన్, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 95 ఉన్న దీపం పెట్టాను. అది కూడా పూర్తి జవాబు కాదు. రెండు రంగులు ఒక వెలుతురులో ఒకేలా ఉండి ఇంకో వెలుతురులో విడిపోవచ్చు, దీన్ని మెటామెరిజం అంటారు. రంజకాలు వేరైతే ఇది తప్పదు, నిజమైన విమానం రంగులోనూ మోడల్ రంగులోనూ రంజకాలు వేరే. అందుకే తొమ్మిదో చెక్కని కిటికీ నీడలో, దీపం కింద, చివరికి మిత్రుడి అల్మరాలో ఉన్న దీపం కింద కూడా పెట్టి చూశాను. మోడల్ ఉండబోయేది అక్కడే కదా.

అంచులు, అక్షరాలు

అసలు విమానం మీద ఈ కామఫ్లాజ్ గీతలు స్ప్రే గన్‌తో వేసినవి, అంచులు మెత్తగా కలిసిపోతాయి. ఎంత మెత్తగా? అసలు మీద నాలుగు అంగుళాల వెడల్పున రంగులు కలిశాయనుకుంటే 1/48లో అది రెండు మిల్లీమీటర్లు మాత్రమే. మొదటిసారి నేను అడ్డేమీ పెట్టకుండా చేత్తోనే వేసినప్పుడు చాలాచోట్ల నాలుగైదు మిల్లీమీటర్లు వచ్చింది, అంటే అసలు విమానం మీద దాదాపు ముప్పావు అడుగు మసక. ఈసారి మెత్తటి పుట్టీని తాడులా చేసి అంచు వెంట పరిచి, దాని మీదుగా నిటారుగా తక్కువ ప్రెషర్‌తో స్ప్రే చేశాను. తాడు గుండ్రంగా ఉండడంతో అంచు కింద కొద్దిగా మసక దానంతటదే వస్తుంది. అడుగు బూడిద ముందు, తర్వాత టాన్, మధ్యస్థ ఆకుపచ్చ, చివర ముదురు ఆకుపచ్చ.

అంతా అయ్యాక టాన్‌ని బాగా పలచన చేసి రెక్కల పైభాగంలో అక్కడక్కడా ఒక పొర పట్టించాను, వెలసినట్టు. ముదురు ఆకుపచ్చని పాళ్లేమీ కలపకుండా తీసుకుని నాలుగైదు చిన్న మచ్చలు వేశాను, మరమ్మతు చేసి కొత్త రంగు పూసినట్టు. అవే ఈ విమానానికి నెలల వయసు తెచ్చాయి. పలకల గీతల కింద ముందే నల్లగా స్ప్రే చేసే ప్రీషేడింగ్ నేను చేయలేదు. ఫొటోల్లో ఏ ఫాంటమూ దుప్పటి కుట్టులా గళ్లు గళ్లుగా కనిపించదు. నూనె చారికలు మాత్రం పొట్ట కింద ధారాళంగా వేశాను, ఈ విమానం ఆ విషయంలో పేరుమోసింది.

తోక మీది తెల్లని ‘ఓవై’ నాకు తల తినేసింది. డెకాల్ తెలుపు పలచగా ఉండి, కింది ముదురు ఆకుపచ్చ పైకి కనిపించి అక్షరాలు పుదీనా రంగులోకి తిరిగాయి. ఒకదాని మీద ఇంకోటి అంటించడానికి మనసొప్పలేదు, అంచులు కుదరవు. అప్పుడు గమనించాను: ఈ సైనిక అక్షరాల్లో ఎక్కడా వంపు లేదు. ఓ అక్షరం కూడా మూలలు 45 డిగ్రీలకి కోసిన పెట్టెలాంటిదే. అంటే స్కేలూ, కొత్త బ్లేడూ ఉంటే చాలు, మాస్క్ మనమే కోసుకోవచ్చు. డెకాల్‌ని కొలతకి వాడి, మాస్కింగ్ టేపు మీద కోసి, తెలుపు స్ప్రే చేశాను. శుద్ధ తెలుపు కాదు, ఒక చుక్క బూడిద కలిపినది. లేకపోతే వెలసిన విమానం మీద కోడ్ ఒక్కటే నిన్న వేసినట్టు మెరుస్తుంది.

మిగతా డెకాల్స్‌కి మామూలు దారే: నునుపైన గ్లాస్ పొర మీద మైక్రో సెట్ (డెకాల్ అతుక్కోవడానికి వాడే ద్రవం), తర్వాత గీతల్లోకి దిగడానికి మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం). గరుకు మీద అంటిస్తే ఫిల్మ్ కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది, ముదురు రంగుల మీద అది అర కిలోమీటరు నుంచి కనిపిస్తుంది. జాతీయ చిహ్నం పైన ఎడమ రెక్క మీద, అడుగున కుడి రెక్క మీద మాత్రమే. మొదటిసారి అడుగున తిప్పి పట్టుకున్నప్పుడు ఎడమేదో కుడేదో తికమకపడి తప్పు రెక్కకి అంటించాను. ఎవరూ గమనించలేదు, నేనే రంగు తీసేటప్పుడు చూసుకున్నాను! ఇక స్టెన్సిల్స్, అంటే విమానం మీద రాసే చిన్న చిన్న సూచనలు. అంగుళం ఎత్తు అక్షరం ఈ స్కేల్‌లో అర మిల్లీమీటరు. చదవడానికి రాదు, ఉందని మాత్రం తెలుస్తుంది. ఫొటోల్లో కనిపించినవి పెట్టాను, కనిపించనివి వదిలేశాను.

వెనక భాగంలో ఎగ్జాస్ట్ చుట్టూ, తోక కింద రంగు లేని లోహం. గ్లాస్ నలుపు మీద లోహపు రంగు, పలకకో ఛాయ. వేడికి మారిన చోట పలచగా గోధుమ, నీలం. స్టెబిలేటర్‌ల (తోక దగ్గరి చిన్న రెక్కల) లోపలి వైపు కూడా రంగు లేని లోహమే, బయటి వైపే కామఫ్లాజ్. కాక్‌పిట్ 36231 బూడిద, చక్రాల గదులు మెరిసే తెలుపు. వీటిలో నాకు ఇబ్బందేమీ రాలేదు.

ఇదే పద్ధతి వేరే విమానాలకి

ఫాంటమ్ పూర్తయ్యాక ఇదే తేడా లెక్కని ఒక ఎఫ్-16 మీద ప్రయత్నించాను: 36118, 36270, 36375. మూడూ బూడిదే, మూడూ ఒకే కుటుంబం. ఇక్కడ తేడా తప్పితే దాచుకోవడానికి వేరే రంగు కూడా ఉండదు. నలుపు తెలుపు ఫొటో పరీక్ష కామఫ్లాజ్ కన్నా దీనికే ఎక్కువ పనికొచ్చింది. నౌకాదళం ఎఫ్-14 తక్కువ కాంట్రాస్ట్ రంగుల్లో 35237 అని ఒకటుంది. అందరూ దాన్ని గ్రే అంటారు, రెండో అంకె 5 మాత్రం నీలం కుటుంబమని చెబుతోంది. బూడిదలో తెలుపో నలుపో కలిపి దాన్ని తయారుచేద్దామని చూస్తే జన్మలో కుదరదు. అలాగే నౌకాదళం పాత లేత బూడిద 36440లో వెచ్చని ఛాయ కాస్త ఉంటుంది. తెలుపు, నలుపు కలిపి చేసిన చల్లని బూడిద దాని పక్కన తేలిపోతుంది.

బ్రిటిష్ విమానాలకి వేరే ప్రమాణం, బీఎస్ 381సీ. డార్క్ సీ గ్రే 638, డార్క్ గ్రీన్ 641 అందులోవి. ఆ అంకెల్లో ముదురు లేత వరస వెతక్కండి, అక్కడి పద్ధతి అది కాదు.

463ని అల్మరాలో పెట్టిన రోజున యుద్ధకాలపు నలుపు తెలుపు ఫొటో ఒకటి ఫోన్‌లో తెరిచి, మోడల్‌ని అదే కోణంలో నలుపు తెలుపులో తీసి పక్కన పెట్టాం. రెండు ఆకుపచ్చలూ రెండు చోట్లా ఒకేలా కలిసిపోయాయి, టాన్ ఒకేలా తేలింది. మిత్రుడు ఫొటోలు చాలాసేపు చూసి, తోక దగ్గర పెద్దది చేసి, ‘వై కొంచెం వంగిందా?’ అన్నాడు. వంగింది, అర మిల్లీమీటరు. మాస్క్ అంటించినప్పుడే చూశాను. ఇంకోసారి తీసే ఓపిక లేక అలాగే వదిలేశాను.